చెప్పు, కాలు, పెరుగు: నామవాచకంగానూ క్రియగానూ నడిచే మాటల్ని తేల్చుకునే పద్ధతి

“చెప్పు తెగింది” అన్నప్పుడు చెప్పు కాలికి తొడుక్కునేది. “చెప్పు, ఏమైంది?” అన్నప్పుడు అది నోటితో చేసే పని. రాతలో తేడా లేదు, పలకడంలోనూ లేదు. ఇలాంటి మాటలు తెలుగులో కొల్లలు: అడుగు, పెరుగు, కాలు, తేలు, ఊరు, నవ్వు, దగ్గు, కుట్టు, పట్టు, అరుగు, తరుగు. తెలుగులో పుట్టి పెరిగినవారు వీటి దగ్గర తడబడరు. పరాయి దేశంలో పిల్లలకు తెలుగు నేర్పేవారికి, ప్రూఫులు దిద్దేవారికి, నిఘంటువుకో కంప్యూటరుకో పదజాబితా తయారుచేసేవారికి మాత్రం అడుగడుగునా ఇవే అడ్డం వస్తాయి. వారికోసమే ఈ పద్ధతి.

కారణం తెలిస్తే పని సులువవుతుంది. అచ్చ తెలుగు పేర్లలో ఎక్కువ భాగం ఉకారంతో ముగుస్తాయి. క్రియల మూలరూపాలు, అంటే ధాతువులు, అవీ ఉకారంతోనే ముగుస్తాయి. పైగా ఒకరికి పని చెప్పేటప్పుడు (నువ్వు చెప్పు, అడుగు, నవ్వు) ధాతువుకు ఏ ప్రత్యయమూ చేర్చం. కాబట్టి ఒంటరిగా నిలబడ్డ మాటను ఎంతసేపు చూసినా అది పేరో పనో తేలదు. దాని తోకను చూడాలి. తోక కూడా మోసం చేసే చోట్లు కొన్ని ఉన్నాయి. తప్పులన్నీ దాదాపుగా అక్కడే పుడతాయి గనక ఎక్కువసేపు వాటి దగ్గరే ఆగుదాం.

మొదటి మెట్టు: మాట ఏ రకమో చూడండి

పని, ఆ పని పేరు ఒకే మాట కావడం మొదటి రకం. నవ్వు, తిట్టు, దగ్గు, తుమ్ము, వణుకు, ఉలుకు, బెణుకు, బతుకు, పలుకు, మొక్కు, కుట్టు, అతుకు, కుదుపు, పొంగు, వెలుగు. “ఆమె నవ్వింది”లో ఉన్న పనికి పేరే “ఆమె నవ్వు”. వీటిలో అర్థం చెదరదు.

అర్థంలో ఏ చుట్టరికమూ కనిపించని జంటలు రెండో రకం. చెప్పు, కాలు (పాదం పైన ఉండేది, మంటకు కాలడం), తేలు (కుట్టే పురుగు, నీటిపై తేలడం), ఊరు (గ్రామం, నోరు ఊరడం), పెరుగు (తోడుకున్న పాలు, ఎదగడం), అరుగు (ఇంటి ముందు కూర్చునే చోటు, తిన్నది అరగడం), మాడు (నడినెత్తి, కూర మాడడం), అలుగు (చెరువు మిగులు నీరు పోయే చోటు, కోపగించి మూతి ముడుచుకోవడం), నలుగు (పెళ్ళికి ముందు ఒంటికి పెట్టే పిండి, బట్ట నలగడం), పొదుగు (ఆవుకు ఉండేది, కోడి గుడ్లను పొదగడం), మరుగు (చాటు, నీళ్ళు మరగడం), తోడు (జత మనిషి లేదా పాలలో వేసే చెమ్చాడు పెరుగు, నీళ్ళు తోడడం).

మూడో రకం ఈ రెంటికీ నడుమ ఉంటుంది. మూలం ఒకటేనని తోస్తుంది గాని అర్థాలు ఎప్పుడో వేరు కాపురం పెట్టాయి. కట్టు చూడండి: గాయానికి వేసేది కట్టు, చీర కట్టు అంటే కట్టుకునే తీరు, క్రియగా తాడు కట్టడం, ఇల్లు కట్టడం, ఫీజు కట్టడం. పట్టు ఇంకా గడుసుది: చేతి బిగింపు, చీరకు వాడే దారం, మొండితనం, నొప్పికి వేసే మందు పట్టు, క్రియగా దొంగను పట్టడం, గంటసేపు పట్టడం, జలుబు పట్టడం. చూపు, నేర్పు కూడా ఇక్కడివే. చూపు అంటే కంటి చూపు. క్రియగా మాత్రం చూడడం కాదు, మరొకరికి చూపడం. నేర్పు అంటే తనకున్న చాకచక్యం. క్రియగా ఎదుటివారికి నేర్పడం.

రెండో రకానికీ మూడో రకానికీ గీత ఎక్కడ గీయాలని వ్యుత్పత్తుల్లోకి దిగడం, పదాల చరిత్ర రాసేవారికి తప్ప, కాలహరణం. నేర్పడానికీ దిద్దడానికీ ఒక్క ప్రశ్న చాలు: ఇవాళ మాట్లాడేవారికి ఆ రెండు అర్థాల మధ్య సంబంధం తోస్తుందా? తోస్తే కలిపి నేర్పండి. తోచకపోతే రెండు వేర్వేరు మాటలుగా, వేర్వేరు రోజుల్లో నేర్పండి.

అంకెల్లోనూ సర్వనామాల్లోనూ ఇలాంటివి దాక్కుని ఉంటాయి, జాబితా రాసేటప్పుడు మరిచిపోకండి. నూరు (వంద, పచ్చడి నూరడం), ఆరు (అంకె, బట్టలు ఆరడం, దీపం ఆరడం), మూడు (అంకె, “వాడికి మూడింది”లో ఉన్నది క్రియే), వాడు (అతడు, వస్తువును వాడడం, పువ్వు వాడడం), మీరు (సర్వనామం, హద్దు మీరడం), వీడు (ఇతడు, ఊరు వీడడం). ఇంగ్లీషు నుంచి వచ్చినవి తెలుగు ధాతువుల మీద వచ్చి పడ్డ చోట్లూ ఉన్నాయి: రోడ్డు మీద కారు, కుళాయి కారు, నీటి పంపు, మనిషిని పంపు.

రెండో మెట్టు: మూడు పరీక్షలు పెట్టండి

బడి పుస్తకంలో “పేరును తెలిపేది నామవాచకం, పనిని తెలిపేది క్రియ” అని ఉంటుంది. ఈ మాటల దగ్గర ఆ నిర్వచనం పనికిరాదు. దగ్గు పని కాదా? పనే. అయినా “పొడి దగ్గు”లో అది నామవాచకం. అర్థాన్ని పక్కనపెట్టి నడకను చూడాలి.

మొదటిది, ముందు మాట పరీక్ష. ఆ మాటకు ముందు “నా”, “ఈ”, “ఒక” పెట్టి చదవండి. “నా చెప్పు”, “ఈ కుట్టు”, “ఒక తిట్టు” నిలుస్తాయి, కాబట్టి నామవాచకాలు. క్రియకు ముందు నిలిచేది “గట్టిగా”, “త్వరగా” లాంటి మాట. పొడి దగ్గు, గట్టిగా దగ్గు: మొదటిది పేరు, రెండోది పని.

రెండోది, తోక పరీక్ష. -లో, -తో, -కి, -ను అతికితే నామవాచకం. -తున్నా, -కుండా, -డం అతికితే క్రియ. ఈ మూడింటిలో -డం అన్నిటికంటే నమ్మదగ్గది. నవ్వడం, తిట్టడం, పెరగడం అనగలం. నామవాచకం తిన్నగా -డం తీసుకోలేదు, మధ్యలో ఇంకో క్రియ కావాలి: సాగు చేయడం, తోడు వెళ్ళడం, నలుగు పెట్టడం. “వరి సాగు”లో సాగు నామవాచకమనీ “పని సాగింది”లో క్రియ అనీ దీనితోనే తేలుతుంది.

మూడోది, మార్పిడి పరీక్ష. అనుమానం ఉన్న మాట తీసేసి, ఆ చోట కేవలం పేరు మాత్రమే అయిన మాటను ఒకసారి, కేవలం క్రియ మాత్రమే అయిన మాటను ఒకసారి పెట్టి చూడండి. బంగారం కొట్లో “తరుగు ఎంత వేశారు?” అన్న వాక్యం తీసుకోండి. “కూలి ఎంత వేశారు?” కుదిరింది, “తిను ఎంత వేశారు?” కుదరలేదు. కాబట్టి తరుగు ఇక్కడ పేరు. “ఉల్లిపాయలు సన్నగా తరుగు”లో “తిను” కుదురుతుంది, “కూలి” కుదరదు.

వాక్యంలో స్థానం కూడా కొంత చెబుతుంది. తెలుగులో క్రియ చివరికి వస్తుంది గనక ఒకే మాట రెండుసార్లు వరసగా వస్తే మొదటిది పేరు, రెండోది పని: కట్టు కట్టు, మొక్కు మొక్కు, చుట్టు చుట్టు, పట్టు పట్టు. కానీ మాట్లాడేటప్పుడు “చెప్పు నాకు” అని తిరగేసి అనడం మామూలే. అందుకని స్థానాన్ని సాక్షిగా తీసుకోండి గాని తీర్పు దానికి వదలకండి.

బహువచనం వచ్చే మాటలకు అదీ మంచి ఆనవాలే. అయితే రూపం మారిపోతుంది. -ట్టుతో ముగిసేవి -ట్లు అవుతాయి: కుట్టు, కుట్లు, తిట్టు, తిట్లు, కట్టు, కట్లు. నాటు కూడా అంతే, వరి నాట్లు. కాలు కాళ్ళు అవుతుంది, తేలు తేళ్ళు, ఊరు ఊళ్ళు. పండు పళ్ళు అని కొందరు, పండ్లు అని కొందరు అంటారు. “డాక్టరు మూడు కుట్లు వేశాడు” అన్న వాక్యం విన్న పిల్లవాడు దాన్ని “కుట్టు”తో జత చేసుకోలేడు, ఎవరో ఒకరు చూపించాలి. పెరుగు, కలుపు లాంటివి లెక్కపెట్టే వస్తువులు కావు గనక వాటికి బహువచనం అడగకండి.

మూడో మెట్టు: నడిమి ఉకారాన్ని పట్టుకోండి

ఈ ఒక్క సూత్రం వస్తే సగం పని అయిపోయినట్టే. మూడక్షరాల మాటల్లో నడిమి అక్షరానికి ఉకారం ఉంటే (అడుగు, పెరుగు, తరుగు, అలుగు, నలుగు, పొదుగు, కుదురు, కలుపు, బతుకు, పలుకు, వెలుగు, బెణుకు), నామవాచకంగా ఉన్నంతసేపు ఆ ఉకారం కదలదు. క్రియ అయితే కదులుతుంది. తర్వాత ఇకారం వస్తే తానూ ఇకారమవుతుంది. అకారం వస్తే తానూ అకారమవుతుంది.

పెరుగు: పేరుగా పెరుగులో, పెరుగుతో, పెరుగన్నం. క్రియగా పెరిగింది, పెరగలేదు.
బతుకు: పేరుగా బతుకులో, బతుకులు. క్రియగా బతికాడు, బతకనివ్వు.
కుదురు: పేరుగా బిందె కింద కుదురు, కుదురులో. క్రియగా సంబంధం కుదిరింది, కుదరలేదు.
అలుగు: పేరుగా అలుగు మీదుగా. క్రియగా అలిగింది, అలగలేదు.

-తుంది, -తాడు ముందు మాత్రం క్రియలోనూ ఉకారం అలాగే ఉంటుంది: పెరుగుతుంది, అడుగుతాడు. అక్కడ తోకే చెబుతుంది కాబట్టి ఇబ్బంది లేదు.

ఇక్కడొక జాగ్రత్త. అకారానికి ముందు నడిమి ఉకారం మారడం ఇప్పటి వాడుక రాతలో అలవాటు. గ్రాంథికంలో, తెలంగాణ పలుకుబడిలో చాలాచోట్ల, “అడుగక”, “అడుగవద్దు”, “పెరుగలేదు” అనే ఉంటుంది. అవి తప్పులు కావు, దిద్దకండి. వాటిలో నడిమి అక్షరాన్ని వదిలి చివరి అక్షరాన్ని చూడండి: గు కాస్తా గ అయిందంటే క్రియే.

చివరి అక్షరం చూడడం రెండక్షరాల మాటలకు ఎలాగూ తప్పదు, వాటికి నడిమి అక్షరమే లేదు కదా. ఈ జతలు పక్కపక్కన చదవండి:

దగ్గు లేదు, దగ్గలేదు.
చెప్పు లేదు, చెప్పలేదు.
నవ్వులేని ముఖం, నవ్వలేని ముఖం.
నవ్వును ఆపుకుంది, ఇక నవ్వను.
తిట్టుకు బాధపడింది, తిట్టకు.

ప్రతి జతలోనూ మొదటిది పేరు, ఉకారం నిలిచింది. రెండోది క్రియ, అకారమైంది. టైపు చేసేటప్పుడు ఒక్క కొమ్ము జారితే అర్థం తలకిందులవుతుంది, పైగా రెండూ సరైన మాటలే గనక స్పెల్లింగు చూసే ఏ సాఫ్ట్‌వేరూ పట్టుకోదు. విరామం కూడా ఇక్కడే చూసుకోండి: పేరు తర్వాత “లేదు” విడిగా రాయాలి, క్రియకు అది అతికి ఉండాలి. “దగ్గు లేదు” అన్నది రోగి పరిస్థితి. “దగ్గలేదు” అన్నది అతను చేయని పని.

అడుగు: ఒక్క మాటను విప్పి చూస్తే

నామవాచకంగా దీనికి మూడు పనులు. అడుగు వేయడంలో పాదం కదలిక. “ఆరడుగుల మనిషి”లో కొలత, పన్నెండు అంగుళాలు. “గిన్నె అడుగు”లో కింది భాగం. అన్నం అడుగంటిందన్నా వేసవిలో చెరువు అడుగంటిందన్నా ఇదే. క్రియగా ప్రశ్నించడం, కోరడం.

చిక్కంతా నాలుకమీద మాట కుదించుకుపోయినప్పుడు వస్తుంది. “అడుగుకి” కాస్తా “అడుక్కి” అవుతుంది: చక్కెర అడుక్కి దిగింది. “అడుగుకొని” కాస్తా “అడుక్కుని” అవుతుంది: అడుక్కుని తిన్నాడు. “అడగకు” కాస్తా “అడక్కు” అవుతుంది: నన్నేమీ అడక్కు. అడుక్కి, అడుక్కుని, అడక్కు: మూడింటికి మూడు దారులు. కథల్లో సంభాషణ రాసేవారు, సబ్‌టైటిళ్ళు రాసేవారు వీటిని చెవితో వింటూ రాస్తారు గనక ఎక్కువ పొరపాట్లు ఈ వరసలోనే దొర్లుతాయి. అనుమానం వస్తే కుదించిన రూపాన్ని విప్పి పూర్తిగా రాసి చూడండి. విప్పగానే -కి, -కొని, -కు వేరుపడతాయి.

నాలుగో మెట్టు: తోక మోసం చేసే చోట్లు

*కాలి, ఊరి.* కొన్ని నామవాచకాలు విభక్తి ముందు ఇకారం తీసుకుంటాయి: కాలు, కాలికి, ఊరు, ఊరికి. వ్యాకరణంలో దీన్ని ఔపవిభక్తికం అంటారు. క్రియ కూడా “చేసి, తిని” అన్నట్టే కాలి, ఊరి అవుతుంది. కాలి వేలు, కాలి బూడిదైంది. ఊరి చివర, ఊరి మెత్తబడింది. తర్వాతి మాట క్రియ అయితే ఇది సాధారణంగా క్రియ. తర్వాతి మాట పేరైతే ఇది పేరు.

వార్త రాసేటప్పుడు “కాలి గాయాలతో ఆసుపత్రిలో చేరాడు” అని రాస్తే అగ్నిప్రమాదమా, కింద పడ్డాడా? వ్యాకరణం ప్రకారం అది కాలికి తగిలిన గాయమే. కానీ పైన మంటల సంగతి ఉంటే చదివేవాడు ఒళ్ళు కాలిందనుకుంటాడు. మంట సంగతైతే “కాలిన గాయాలతో” అనండి, కాలి సంగతైతే “కాలికి గాయమై” అనండి. “కాలి గాయం”ను మాత్రం మీ రాతలోంచి తీసేయడమే మేలు.

చేయి, నూరు ఇలా ఇరికించవు. పేరుగా చేతి, నూటి అవుతాయి. క్రియగా చేసి, నూరి. దూరం దూరంగా ఉంటాయి.

*-తో, -తూ.* “నవ్వుతో చెప్పింది”, “నవ్వుతూ చెప్పింది”. మొదటిది పేరు, రెండోది క్రియ. “చిన్న నవ్వుతో” అనొచ్చు, “గట్టిగా నవ్వుతూ” అనొచ్చు. “గట్టిగా నవ్వుతో” అనకూడదు. ముందు “-గా” ఉంటే వెనక -తూ రావాలి.

*నవ్వొచ్చింది, నవ్వొచ్చు.* మొదటిది నవ్వు + వచ్చింది, నవ్వు అనేది పేరు. రెండోది నవ్వ + వచ్చు, నవ్వడానికి వీలుంది అని. “దగ్గొచ్చింది, దగ్గొచ్చు” కూడా ఇంతే. -ఇంది ఉందా, ఉత్త వచ్చు ఉందా అన్నదొక్కటే తేడా.

*పాత రాతల్లో -ను.* “చెప్పును” అన్నది ఇప్పటి రాతలో చెప్పు అనే వస్తువును. పాత పద్యంలోనో గ్రాంథిక వచనంలోనో “చెప్పును” అంటే చెబుతాడు, చెబుతుంది అని. పాత పుస్తకాలను కంప్యూటరు కెక్కించి పదాలకు గుర్తులు పెట్టేవారు ఈ రూపానికి కాలాన్ని బట్టి వేరే నియమం రాసుకోవాలి.

*సమాసాలు.* మాట మరో మాటకు ముందు అతుక్కుంటే తోకే ఉండదు. అప్పుడు మాట చివర -ఏ పెట్టి చదవండి. పారునీరు: పారే నీరు, కుదిరింది, కాబట్టి క్రియ. కుట్టుమిషను: కుట్టే మిషను, క్రియ. మరుగుదొడ్డి: మరిగే దొడ్డి? కుదరలేదు. చాటు అనే అర్థమున్న నామవాచకం అది. పట్టుచీర, పెరుగన్నం, చుట్టుకొలత కూడా -ఏ పరీక్షలో నిలవవు, నామవాచకాలే. పుట్టుమచ్చ, కట్టుబట్టలు లాంటివి ఈ పరీక్షకు లొంగవు: పుట్టుకతో వచ్చిన మచ్చ, కట్టుకున్న బట్టలు అని అర్థం చెప్పుకోవాలి. వాటిలో ఉన్నది క్రియే, సమాసం పాతది.

ఐదో మెట్టు: పేరు వాడాలా, క్రియ వాడాలా?

గుర్తించడం ఒక ఎత్తు, సరైనదాన్ని ఎంచుకోవడం ఇంకో ఎత్తు. ఒళ్ళు తనంతట తాను చేసే పనులకు తెలుగు పేరునే ముందుకు తెస్తుంది. “నాకు నవ్వొచ్చింది” అంటే ఆపుకోలేకపోయాను. “నవ్వాను” అంటే నేను చేశాను. నాకు తుమ్ము వచ్చింది, నాకు వణుకు పుట్టింది, నాకు దగ్గు పట్టుకుంది: మనిషికి -కు, పనికి పేరు, చివర వచ్చు, పుట్టు, పట్టు. దగ్గడం ఒక్కసారి జరిగే పని. దగ్గు చేయడం జబ్బు. “బాబుకు దగ్గు చేసింది” అంటే నాలుగు రోజులుగా ఉన్నదని వినేవారికి అర్థమవుతుంది. “బాబు దగ్గాడు” అంటే ఇప్పుడే ఒకసారి.

ఈ “దగ్గు చేసింది” విని పరాయి దేశాల్లో పెరిగే పిల్లలు అన్నిటికీ చేయు తగిలిస్తారు: నవ్వు చేసింది, తుమ్ము చేసింది. తప్పని చెప్పి వదిలేయకండి. ఏ పేరుకు ఏ క్రియ జతో ఆ జతగానే నేర్పండి. మొక్కు చెల్లించు లేదా తీర్చుకో, కుట్టు వేయి, కట్టు కట్టు, అడుగు వేయి, తోడు వేయి (పాలలో), తోడు వెళ్ళు (మనిషికి), నలుగు పెట్టు, కలుపు తీయి, పట్టు విడువు. ఒంటరి మాట కంటే జత మాట త్వరగా నాలుకకెక్కుతుంది.

నవ్వుకూ నవ్వడానికీ తేడా కూడా ఇక్కడే చెప్పాలి. “ఆమె నవ్వు బాగుంటుంది”లో ఉన్నది నవ్వే తీరు. “ఆమె నవ్వడం బాగాలేదు”లో ఆక్షేపిస్తున్నది నవ్విన సంగతిని. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) ధాతువుల నుంచి వచ్చే ఇలాంటి రూపాలకు కృదంత పరిచ్ఛేదం అని విడిగా ఒక భాగమే కేటాయించింది. -డం సౌకర్యంగా ఉంటుందని ఎక్కడపడితే అక్కడ వాడే అలవాటు ఆఫీసు తెలుగులో ముదిరింది: “తెలియజేయడం జరిగింది”, “అడగడం జరిగింది”. తెలియజేశాం, అడిగారు అంటే సరిపోతుంది. ఎవరు చేశారో దాచాలనుకుంటే తప్ప ఆ “జరిగింది”కి అక్కడ పనిలేదు.

రూపం ఒకటే అనిపించి కానివి

కొన్ని జతలు ఒక్క అక్షరం తేడాతో పక్కపక్కనే ఉంటాయి. క్రియ -చు, పేరు -పు: మార్చు, మార్పు, తీర్చు, తీర్పు, కూర్చు, కూర్పు, పిలుచు, పిలుపు, అరుచు, అరుపు, గెలుచు, గెలుపు. -ఇంచు క్రియలకు -ఇంపు పేర్లు: చెల్లించు, చెల్లింపు, ముగించు, ముగింపు, తాలించు, తాలింపు. మరికొన్ని -త తీసుకుంటాయి: కోయు, కోత, మేయు, మేత, రాయు, రాత, పూయు, పూత. ఆడు, ఆట, పాడు, పాట. వీటిని మన జాబితాలో కలపకండి. “కలుపు”, “ఊపు”, “చూపు” పు తోనే ముగుస్తాయి గాని అవి క్రియలు కూడా. పు చూడగానే పేరని తీర్మానిస్తే పొరబడతారు.

బయటి మాటలకు ఈ సౌకర్యం లేదు

తెలుగు మాట ఉన్నపళంగా పేరు నుంచి పనికి దూకగలదు. ఇంగ్లీషు నుంచో ఉర్దూ నుంచో వచ్చిన మాట పేరుగానే వచ్చి స్థిరపడుతుంది. పని చెప్పాలంటే తెలుగు క్రియ ఒకటి దానికి తోడు రావాలి. కాల్ చేయి, పోస్ట్ పెట్టు, లైక్ కొట్టు, బ్రేకు వేయి, మరమ్మతు చేయి. సంస్కృతం మాటకు -ఇంచు చేరుతుంది: పూజించు, ప్రేమించు, నిర్ణయించు.

తోడొచ్చే క్రియ ఏదైనా ఒకటేలే అనుకోవద్దు. కాపీ చేయడం నకలు తీయడం. కాపీ కొట్టడం పరీక్షలో చేసే దొంగతనం. బోరు వేస్తే నీళ్ళు పడతాయి, బోరు కొడితే నిద్ర వస్తుంది. చేయు, అవు జంటను కూడా గమనించండి: రైలును రద్దు చేశారు, రైలు రద్దయింది. ఎవరో చేస్తే చేయు, దానంతటది అయినట్టు చెప్పాలంటే అవు.

నిఘంటువులో ఎలా రాయాలి

పదజాబితా తయారుచేసేటప్పుడు రెండు అర్థాలకు సంబంధం తోచకపోతే రెండు ఆరోపాలు (ఆరోపం అంటే నిఘంటువులో ఒక మాటకు ఇచ్చే పద్దు), అంకె వేసి. సంబంధం ఉంటే ఒకే ఆరోపంలో రెండు భాగాలు. నామవాచకానికి బహువచనం, విభక్తి ముందు రూపం మారితే ఆ రూపం తప్పనిసరి. క్రియకు భూతకాలం, వ్యతిరేకం, సకర్మకమా అకర్మకమా అన్నది, వాడుకలో ఉంటే ప్రేరణ రూపం (ఆ పని జరిగేలా చేయడాన్ని చెప్పేది) తప్పనిసరి. ఉదాహరణకు:

అలుగు 1. నా. చెరువు నిండాక మిగులు నీరు బయటికి పోయే కట్టడం. బహు. అలుగులు. చెరువు నిండి అలుగు పారుతోంది.
అలుగు 2. అ.క్రి. కినుక పూను. అలిగింది, అలగలేదు. పండక్కి పిలవలేదని అల్లుడు అలిగాడు.

పాత నిఘంటువుల్లో “వి.” అంటే విశేష్యం, అదే నామవాచకం, “విణ.” విశేషణం, “స.క్రి.” కర్మ ఉన్న క్రియ, “అ.క్రి.” కర్మ లేని క్రియ, “దే.” దేశ్యం. ఆంధ్రభారతి వెబ్‌సైటులో ఒక మాట వెతికితే చాలా నిఘంటువుల ఆరోపాలు ఒకేచోట వస్తాయి, పోల్చి చూసుకోవచ్చు.

ప్రేరణ రూపం రాయడం ఎందుకంటే, రెండో రకం మాటల్లో చాలావరకు కర్మ లేని క్రియలు, వాటి జోడు ఒక్కోదానికి ఒక్కో తీరు. కాలు, కాల్చు, తేలు, తేల్చు, మాడు, మాడ్చు, కానీ పెరుగు, పెంచు, మరుగు, మరిగించు, ఊరు, ఊరబెట్టు. ఊహించి రాస్తే “పెరిగించు” లాంటివి వచ్చి పడతాయి.

ప్రాంతాన్ని కూడా నమోదు చేయండి. తెలంగాణలో తొక్కు అంటే పచ్చడి, “మామిడికాయ తొక్కు పెట్టినం” అంటారు. కోస్తాలో అదే మాట సైకిలు తొక్కు అన్న క్రియగానే ఎక్కువ వినిపిస్తుంది, పండు మీది పొర తొక్క. తెలంగాణలో ఉడుకు నీళ్ళు అంటే వేడినీళ్ళు. ఈ గుర్తు లేకపోతే ఒక ప్రాంతం వారు సరిగా రాసినదాన్ని మరో ప్రాంతం వారు దిద్ది పాడుచేస్తారు.

పిల్లలకు నేర్పే వరస

మొదటి వారం మొదటి రకం మాటలు ఐదు: నవ్వు, దగ్గు, తుమ్ము, కుట్టు, తిట్టు. చేసి చూపించదగ్గవి. ఒక్కోదానికి రెండే వాక్యాలు: నాకు తుమ్ము వచ్చింది, నేను తుమ్మాను. రెండో వారం రెండో రకం నాలుగు, బొమ్మలు గీయగలిగేవి: చెప్పు, కాలు, తేలు, పెరుగు. ఒక చీటీకి ముందువైపు వస్తువు బొమ్మ, వెనకవైపు పని బొమ్మ. మూడో వారం దాకా నడిమి ఉకారం సంగతి ఎత్తకండి. అప్పటికి పెరుగు, పెరిగింది. అడుగు, అడిగింది వారి నోట ఆడుతూ ఉంటాయి గనక సూత్రాన్ని వారే పట్టుకుంటారు. కట్టు, పట్టు మాత్రం చివరికి అట్టేపెట్టండి. అర్థాలు మరీ ఎక్కువ, ముందే తెస్తే పిల్లలు బెదురుతారు.

ఆట కావాలంటే ఇలాంటి వాక్యాలు చదివించి, ఏది పేరో ఏది పనో చెయ్యెత్తి చెప్పమనండి: “పెరుగు ధర పెరిగింది.” “అడుగు తీసి అడుగు వేయలేక సాయం అడిగాడు.” “అరుగు మీద కూర్చుంటే తిన్నది అరగదు.” “తేలు నీళ్ళలో తేలింది.” “కలుపు మందులో నీళ్ళు కలుపు.” ఈ చివరి వాక్యం దగ్గర ఇద్దరు ముగ్గురు తప్పక ఆగుతారు. ఆగినప్పుడు జవాబు చెప్పేయకుండా రెండు కలుపులకూ -డం తగిలించి చదవమనండి.